ఉపాధ్యాయులే విద్యార్థులైన వేళ

ఈత రానివాడు ఈత నేర్పగలడా? అట్లే, స్వయముగా ప్రయోగము చేయని ఉపాధ్యాయుడు విజ్ఞానశాస్త్రమును ఎట్లు బోధింపగలడు?

ఈ ప్రశ్నతోనే 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, అనగా నేటి నర్మదాపురము జిల్లాలో, 16 మాధ్యమిక పాఠశాలలలో ఒక కార్యక్రమము మొదలైనది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను సంస్థలు దీనిని చేపట్టగా, ఢిల్లీ విశ్వవిద్యాలయపు అధ్యాపకులు తోడ్పడిరి.

శిక్షణ శిబిరములలో ఉపాధ్యాయులు ఉపన్యాసములు వినుటతో సరిపెట్టుకొనలేదు. ఆకులను సేకరించి తామే వర్గీకరించిరి. ప్రయోగములు చేసి, ఫలితములను చర్చించిరి. శిబిరముతో పని ముగియలేదు. నెలనెలా సమావేశమై, తరగతిలో ఎదురైన చిక్కులను చెప్పుకొనెడివారు. వాటినిబట్టి 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకములను సవరించెడివారు. ఈ విధముగా మావంటి కళాశాల అధ్యాపకులును బడిపంతుళ్ళనుండి నేర్చుకొనిరి.

1978లో జిల్లా అంతటికిని వ్యాపించిన ఈ పథకమును 1982 నుండి ఏకలవ్య సంస్థ నడిపినది. 2002లో రాష్ట్ర ప్రభుత్వము దీనిని నిలిపివేసినది. దానితో పోయినది ఒక పాఠ్యపుస్తకము మాత్రమే కాదు. పిల్లవాని ప్రశ్నకు “నాకును తెలియదు, చేసి చూతము” అనుటకు ఉపాధ్యాయునికి వెన్నుదన్నుగా నిలిచిన తోడు కూడ.