ఇంజను నాడి చూద్దామా?

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దులు బండ లాగే పందెం చూశారా? కార్లకూ అలాంటి బలపరీక్ష ఉంది. నిలిచిన చోటు నుంచి 402 మీటర్లు ఒక్క ఊపున దూసుకుపోవాలి. (ట్రాకు మీదే సుమా, రోడ్డు మీద కాదు!) అదే డ్రాగ్ రేసు.

ఆదోని పత్తి యార్డుకు వచ్చే నేటి లారీల్లోలాగే ఈ కార్లలోనూ చాలావాటికి టర్బోచార్జరు ఉంటుంది. ఇంజను వదిలే వేడి పొగే ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షసార్లకు పైగా తిప్పుతుంది. అది సిలిండర్లలోకి అదనపు గాలిని కూరుతుంది. బలంతోపాటు వేడీ, పీడనమూ పెరుగుతాయి.

పందెం చివర ఇంజను టకటకమని కొట్టుకుంటే వెంటనే ఆపేయాలి. మళ్ళీ స్టార్టు చేస్తే విరిగిన ముక్క సిలిండరును గీరేస్తుంది. పొగ రంగు గుర్తుందా? నీలి పొగ అయితే ఆయిలు మండిందన్నమాట. కాని ఆ ఆయిలు ఎక్కడిది? పిస్టను రింగుల నుంచా, టర్బో నుంచా?

చల్లారాక క్రాంకును చేత్తో తిప్పి చూస్తారు. బిగుసుకోకపోతే స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క రంధ్రానికీ మీటరు బిగించి పీడనం కొలుస్తారు. ఒకదానిలో తక్కువ వచ్చిందా? అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలవాలి. పీడనం పెరిగితే ఆయిలు సందు మూసినట్లే, అంటే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వో, గాస్కెటో, బొక్కపడిన పిస్టనో! అన్నీ సరిగా ఉంటే టర్బో ఇరుసును వేలితో కదపండి. రెక్కలు గోడకు తగిలితే దొంగ అక్కడే దొరికాడు.