‘రైతుబిడ్డ’ను జమీందార్లు ఎందుకు అడ్డుకున్నారు?

బొబ్బిలి, సినిమా అనే రెండు మాటలు కలిపి అంటే మనవాళ్లందరికీ 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ గుర్తొస్తుంది. కోట, పౌరుషం, తాండ్ర పాపారాయుడు! అంతకు పాతికేళ్ల ముందు బొబ్బిలి రాజావారికి బొత్తిగా గిట్టని సినిమా ఒకటి వచ్చింది. దాని పేరు ‘రైతుబిడ్డ’. 1939లో విడుదలైంది. మన జిల్లాలకు ఇంత దగ్గరి సంగతి మన హాస్టల్ మిత్రులకు తెలియాలని ఇది రాస్తున్నాం.

తీసినవారు గూడవల్లి రామబ్రహ్మం. కృష్ణా జిల్లా వారు, ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపారు. అప్పటి తెలుగు సినిమా ఎక్కువగా పురాణాల చుట్టూ తిరిగేది. ఆయన 1938లో అంటరానితనం మీద ‘మాలపిల్ల’ తీశారు. దానికి జనం మాట్లాడుకునే తెలుగులో మాటలు రాసినవారు తాపీ ధర్మారావు, అంటే మన గిడుగు రామమూర్తి పంతులుగారి శిష్యులు. మరుసటి ఏడు ‘రైతుబిడ్డ’లో గిడుగు వారి అబ్బాయి సీతాపతిగారు ఏకంగా వేషమే వేశారు. ముఖ్యపాత్ర బళ్లారి రాఘవగారిది. మాటలు త్రిపురనేని గోపీచంద్‌వి. కొసరాజు సినిమా పాటలు రాయడం దీంతోనే మొదలు. టంగుటూరి ప్రకాశంగారి తమ్ముడి కూతురు సూర్యకుమారి చిన్నపిల్లగా ఇందులో నటించింది. అన్నిటికన్నా విచిత్రం, సినిమా తీసిన సారథి సంస్థకు అధ్యక్షులు చల్లపల్లి రాజావారు. జమీందారు అండతో జమీందారీ మీద సినిమా!

ఇక కథ. నరసిరెడ్డి అనే చిన్న రైతు ఎన్నికల్లో జమీందారు నిలబెట్టిన మనిషికి కాకుండా రైతుల మనిషికి ఓటేస్తాడు. అక్కడి నుంచి అతని కష్టాలు మొదలు. ఈ మాత్రం కథకు అంత కోపం దేనికి అనిపించవచ్చు. ఆ కాలం సంగతి తెలిస్తే అర్థమవుతుంది.

జమీందారు సర్కారుకు కట్టే పేష్కషు ఎప్పుడో 1802 ప్రాంతంలో ఖాయమైపోయింది. రైతు దగ్గర వసూలు చేసే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. తేడా అంతా కోటలోకే. 1937లో మద్రాసు రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగాయి. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు 1932 నుంచి, మధ్యలో కొన్ని నెలలు తప్ప, రాష్ట్రానికి ప్రధానిగా ఉన్నవారు. అంతటివారు సొంత బొబ్బిలిలో వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయారు. తర్వాత రాష్ట్రపతి అయిన గిరిగారే! ఆ ఏడే ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర మొదలుపెట్టారు. 1938లో ప్రకాశంగారి కమిటీ జమీందారీల మీద విచారణ జరిపి, భూమి రైతుదేనని తేల్చింది.

సరిగ్గా ఆ గాయం పచ్చిగా ఉన్నప్పుడు ‘రైతుబిడ్డ’ తెరమీదికి వచ్చింది. పత్రిక చదవాలంటే అక్షరం ముక్క రావాలి. సినిమాకు అదేమీ అక్కర్లేదు. బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు దాని మీద పట్టుబట్టారు, కొన్నిచోట్ల నిషేధం పడింది. అదే ఏడు తమిళంలో కె. సుబ్రహ్మణ్యం తీసిన ‘త్యాగభూమి’కీ తర్వాత ఇదే గతి పట్టింది.

సినిమాను ఆపగలిగారు గాని రైతులను ఆపలేకపోయారు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు గున్నమ్మ బలైంది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రామబ్రహ్మంగారు అది చూడలేదు, 1946లోనే కన్నుమూశారు.

మాకు ఈ సినిమా మీద గౌరవం ఉంది, ఒక పేచీ కూడా ఉంది. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. మా ముత్తాతలు నరసిరెడ్లు కారు, అలాంటి రైతుల కళ్లాల్లో పనిచేసిన కంబార్లు. 1937లో ఓటు హక్కు ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాడికే. వాళ్లకు మూడూ లేవు. ఓటేసినందుకు దెబ్బలు తినే యోగం కూడా వాళ్లకు లేదన్నమాట. వాళ్ల చేతికి మొదటిసారి ఓటు వచ్చింది 1952లో. జమీందారీ పోయినప్పుడు పట్టాలు రైతులకు వచ్చాయి. కంబారి మాత్రం మరుసటి ఏడు కూడా అదే కళ్లంలో పనికి కుదిరాడు.