పొగగొట్టపు మసియు మేనిచాయయు

పిల్లల సంతోషము కొఱకు పెద్దలేర్పఱచిన వేడుక కొందఱు పిల్లలకే మనఃక్లేశము కలిగించుచున్నదని తెలిసినచో ఏమి చేయవలెను? హాలండు దేశము పదియేండ్లకు పైగా ఈ ప్రశ్నతో పెనుగులాడినది. ఆ వృత్తాంతము మన గృహిణులును తెలిసికొనదగినదని తలచి యిచట వ్రాయుచున్నాము.

ఆ దేశమున డిసెంబరు 5వ తేదీ రాత్రి సింటర్‌క్లాస్ అను పండుగ జరుగును. నాలుగవ శతాబ్దమున, నేటి టర్కీలోని మీరా పట్టణమున క్రైస్తవ మతాచార్యుడుగా నుండిన నికొలాసు పేర వెలసిన పండుగ యిది. నవంబరు నడిమిభాగమున ఆయన వేషధారి స్పెయిను నుండి వచ్చినట్లుగా పొగయోడ దిగి, తెల్లగుఱ్ఱముపై ఊరేగును. పిల్లలు రాత్రి తమ జోళ్లను పొయ్యిచెంత నుంచి, గుఱ్ఱమునకై అందులో కారెట్టుదుంప పెట్టి నిద్రింతురు. తెల్లవారునప్పటికి అందులో మిఠాయి యుండును. ఇంతవరకు వినిన యే తల్లికైనను ముచ్చట కలుగకమానదు.

ఆచార్యుని వెంట జ్వార్టె పీట్, అనగా నల్ల పీటు, అను సేవకుడు వచ్చును. తెల్లజాతివారు ముఖమునకు నల్లరంగును, పెదవులకు ఎఱ్ఱరంగును పూసికొని, ఉంగరాల జుట్టు తగిలించుకొని, చెవులకు పోగులు పెట్టుకొని, గంతులు వేయుచు ఆ వేషము కట్టుచుండిరి. ఈ సేవకుని రూపునకు మూలము, ఆంస్టర్‌డాం ఉపాధ్యాయుడు యాన్ షెంక్‌మాన్ 1850లో బాలలకై వెలువరించిన బొమ్మల పుస్తకమని పలువురు చెప్పుదురు. ఆ నాటికి డచ్చివారి సురినాము వలసలో ఆఫ్రికా సంతతివారు తోటలలో బానిసలుగా నుండిరి. 1863 జూలై 1న బానిసత్వము చట్టముచే రద్దయినను, సురినాములో విముక్తులు మఱి పదియేండ్లు నిర్బంధముగా పని చేయవలసివచ్చెను.

ఈ వేషమును గూర్చి డచ్చివారిలో పెక్కురు చెప్పినదేమనగా: తమ మనస్సులలో ద్వేషము లేదు, పీటు పొగగొట్టము గుండ ఇండ్లలోనికి దిగును గనుక మసిచే నల్లబడెను, అది తమ చిన్ననాటి మధురస్మృతి. వారి మాటలో కపటము లేదనియే మా నమ్మకము. కాని పొయ్యి యూది వంట చేసిన స్త్రీలకు మసి యెట్లంటునో ఒకరు చెప్పనక్కఱలేదు. బుగ్గపై నొక చార, ముంజేతిపై నొక మరక పడును. అన్నిటికంటె ముందు చీర పాడగును. మసిచేత పెదవులు ఎఱ్ఱబాఱవు, జుట్టు ఉంగరములు తిరుగదు, పట్టుదుస్తులు తళతళలాడుచు నిలువవు.

సురినాము, క్యురసావు దీవి మొదలగు చోట్లనుండి వచ్చి హాలండున స్థిరపడిన నల్లజాతి కుటుంబములలో అనేకులకు ఆ వేషము వేఱుగా కనబడినది. తమ మేనిచాయయు, తమ జుట్టును నవ్వులపాలగు సేవకుని యలంకారములైనవని వారు వగచిరి. 2011లో డోర్డ్రెక్ట్ పట్టణపు ఉత్సవమున, నల్ల పీటు వేషము జాతివివక్షయే యను మాటలుగల చొక్కా తొడిగి నిలిచిన కళాకారుడు క్విన్సీ గారియోను పోలీసులు నిర్బంధించిరి. 2015లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘము, ఆ వేషములోని కించపఱచు లక్షణములను తొలగింపుమని హాలండును కోరెను. 2016లో ఆ దేశపు బాలల హక్కుల సంరక్షణాధికారిణి మార్గ్రీట్ కాల్వర్‌బూర్ పిల్లలతో మాటలాడి, ఈ వేషము హేళనకును, వెలివేతకును దారితీయగలదనియు, దానిని మార్పవలెననియు చెప్పెను.

పరులకు తమ పండుగతో నేమి పనియని కొందఱు కోపించిరి. 2017లో నిరసనకారుల బస్సులను పెద్దబాటపై అడ్డగించిన 34 మందిని 2018లో న్యాయస్థానము దోషులుగా నిర్ణయించెను. కాని క్యురసావు హాలండు రాజ్యములోని భాగమే. అడిగినవారు ఆ యింటి బిడ్డలే గాని పరులు కారు.

మనకును ఈ కథ కేవలము దూరము కాదు. డచ్చివారిని మన పూర్వులు వలందులనిరి. మచిలీపట్టణములోని వలందపాలెము ఆ పేరు మోయుచున్నది. 17వ శతాబ్దమున వారి కంపెనీ మన కోరమండల తీరమున కఱవుకాలములందు మనుష్యులను కొని, ఓడల నెక్కించి, బటావియాకు బానిసలుగా పంపెను. ఇప్పుడు ఉద్యోగార్థము హాలండున కాపురమున్న తెలుగు కుటుంబములును గలవు. వారి పిల్లలకును బడిలో ఈ పండుగ ఎదురగును.

తుదకు మార్పు వచ్చినది. 2019లో అపెల్డోర్న్ పట్టణమున జరిగిన జాతీయ స్వాగతోత్సవమున పీటుల ముఖములపై మసిచారలు మాత్రమే కనబడెను. అంతకు ముందు పాత వేషమును సమర్థించిన ప్రధానమంత్రి మార్క్ రూటె, నల్లజాతి పిల్లలు మొదలగువారి మాటలు వినిన మీదట తన తలంపు మాఱినదని 2020 జూన్‌లో పార్లమెంటున చెప్పెను. 2022 డిసెంబరు 19న ప్రభుత్వ పక్షమున ఆయనయు, 2023 జూలై 1న రాజు విల్లెం అలెగ్జాండరును, పూర్వపు బానిసత్వమునకు క్షమాపణ చెప్పిరి. కొన్ని యూళ్లలో పాత వేషము 2019 పిమ్మటను కొనసాగినది. ఆచారము ఒక్కనాట మాఱునది కాదు.

తనకు అప్రియమైన దానిని పరులకు చేయకుండుటయే ధర్మములలో మేటియని మన భారతము బోధించుచున్నది. మన మనస్సున ద్వేషము లేదనుకొనుటతో ఆ ధర్మము తీరదు. మనము నవ్వుచుండగా, ప్రక్కనున్న పసిబిడ్డ తన చేతుల రంగును చూచికొని తల వంచుకొనుచున్నదేమో యని కనిపెట్టవలెను. హాలండులో తెల్లగుఱ్ఱము ఇంకను వచ్చుచున్నది, జోళ్లు పొయ్యిచెంతనే యున్నవి. బుగ్గపై మసిచార దిద్దుకొన్న పీటు పంచినంత మాత్రమున మిఠాయి తీపి తగ్గలేదు.