పెద్దల బాధ పెద్దల మాటల్లోనే: గడపకు వచ్చే వైద్య విద్యార్థులు

ఛత్రపురానికి చేరువలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఆర్యపల్లిలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు నివసిస్తున్నాయి. గంజాం తీరంలోని ఇటువంటి ఊళ్ళ నుంచి పనివయసువారు నగరాలకు, దూర రాష్ట్రాలకు తరలిపోగా, అనేక ఇళ్ళలో వృద్ధులే మిగులుతున్నారు.

వైద్య విద్యార్థులు మొదటి సంవత్సరం నుంచే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, వారి ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించే పద్ధతిని జాతీయ వైద్య కమిషన్ 2022లో పాఠ్యక్రమంలో చేర్చింది. 1962లో ఏర్పడిన బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాలకూ ఇది వర్తిస్తుంది. ఆసుపత్రిలో కనిపించేది రోగం మాత్రమే. ఎత్తైన గడప, చీకటి వసారా, రోజూ కంచంలోకి వచ్చే ఉప్పుచేప ఇంటికి వెళితేనే కనిపిస్తాయి.

తెలుగు ఇళ్ళలో మొదటి చిక్కు భాషది. సలుపు, పోటు, మంట, తిమ్మిరి, మొద్దుబారడం వేరువేరు బాధలు. మనవడు వీటన్నిటినీ ఒడియాలో ఒక్క ‘నొప్పి’గా చెప్పేస్తే, మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్న అరికాలి మంట మోకాళ్ళ అరుగుదలగా నమోదు కావచ్చు. మతిమరుపు పరీక్షలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. రాని భాషలో తేదీ అడిగితే, చదవడం రాని వారిని వాక్యం రాయమంటే, చక్కని జ్ఞాపకం గల అవ్వ కూడా తప్పుతుంది. ఈ కారణంగానే హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో నిరక్షరాస్యులైన వృద్ధులకు తగినట్లు పరీక్షను హిందీలో మార్చి రూపొందించారు. తెలుగు పెద్దలను తెలుగులోనే అడగమని కోరడం సబబే. అందుకు విద్యార్థి చిన్నబుచ్చుకోనక్కరలేదు.

కొన్ని పరీక్షలకు భాష అంతగా అక్కరలేదు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే జారిపడే ముప్పు ఉన్నట్లు భావిస్తారు. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక రక్తపోటు కొలిచినప్పుడు పై అంకె 20 లేదా అంతకు మించి తగ్గితే, లేవగానే కళ్ళు తిరగడానికి కారణం దొరికినట్లే.

విద్యార్థి మందులు మార్చడు. గమనించినది అధ్యాపకులకు నివేదిస్తాడు. కాబట్టి వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, ఒకే సంచిలో ఉంచి చూపాలి. దూరాన ఉన్న కొడుకు, కూతురు ఆ పూట ఫోనులో అందుబాటులో ఉండి, అమ్మ మాటను అమ్మ వాడిన పదంతోనే వినిపిస్తే విద్యార్థి పని సగం తేలికవుతుంది.