ఊపిరియు నెత్తురును

తెలుగువారు శ్వాసకోశములకు ఊపిరితిత్తులని పేరిడిరి. కొలిమియొద్ద కమ్మరి ఆడించు తిత్తిని చూచినవారికి ఈ పేరులోని ఔచిత్యము తెలియకపోదు. తిత్తి తనంతట తాను ఉబ్బదు. కమ్మరి దానిని విప్పినప్పుడే గాలి లోనికి వచ్చును. శ్వాసకోశములును అట్టివే. ఉబ్బుటకు వలయు కండబలము వానికి లేదు. రొమ్మునకును కడుపునకును నడుమ గుమ్మటమువలె నున్న కండరపు పొర క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేచినప్పుడు రొమ్ము విశాలమగును. గాలి లోనికి చొచ్చును. ఇంతవరకు పేరు సార్థకమే. కాని ఈ పేరే మనలను కొంత పొరపాటునకును లోను చేయవచ్చును. తిత్తిలో గాలి తప్ప మరేమియు నుండదు. ఊపిరితిత్తులలోనో, దేహమందలి నెత్తురంతయు ఇంచుమించు నిమిషమున కొకమారు పారివచ్చును.

ఈ సంగతి తెలియుటకు మానవునికి చాల కాలము పట్టినది. హృదయపు వేడిని చల్లార్చుటకే ఊపిరి యున్నదని ప్రాచీన గ్రీకు వైద్యులు తలచిరి. హృదయపు కుడిభాగమునుండి ఎడమభాగమునకు రక్తము నడిమి గోడగుండ గాక ఊపిరితిత్తుల మార్గముననే పోవునని 13వ శతాబ్దమున ఇబ్న్ అల్ నఫీసు వ్రాసెను. 1628లో విలియం హార్వీ రక్తము దేహమంతట చుట్టి తిరుగుచుండునని నిరూపించెను గాని, ధమనులనుండి సిరలలోనికి అది ఏ దారిని పోవునో ఆయనకు కానరాలేదు. 1661లో మాల్పీగీ అను ఇటలీ దేశీయుడు సూక్ష్మదర్శినితో ఆ దారిని కనుగొనెను. వెండ్రుకకంటెను సన్నని ఆ కేశనాళికలు ఆయనకు కనబడినది కప్ప ఊపిరితిత్తులలోనే.

హృదయము చూచుటకు ఒక్కటియైనను పనిలో రెండు పంపులు. కుడిది రక్తమును ఊపిరితిత్తులకును, ఎడమది తక్కిన దేహమునకును నెట్టును. విశ్రాంతిగా నున్న మనుష్యునిలో ఒక్కొక్కటి నిమిషమునకు సుమారు 5 లీటర్ల నెత్తురును త్రోయును. పరిమాణము సమానమే, ఒత్తిడి మాత్రము వేరు. కుడిదాని ఒత్తిడి ఎడమదానిలో ఇంచుమించు అయిదవ వంతు. ఇది కుడిదాని లోపము కాదు. ఊపిరితిత్తులలో కోట్లకొలది వాయుకోశములు కలవు. వానిలోని గాలికిని, ప్రక్కనే పారు నెత్తురునకును నడుమనున్న గోడ మిల్లీమీటరులో వేయవ వంతైనను మందముండదు. అట్టి గోడప్రక్క రక్తము మిక్కిలి ఒత్తిడితో పారినచో నెత్తుటిలోని నీరు చెమ్మగిలి వాయుకోశములను నింపివేయును. ఒక రక్తకణము ఆ కేశనాళికను దాటుటకు ముప్పాతిక సెకను పట్టును. ప్రాణవాయువును నింపుకొనుటకు పాతిక సెకను చాలును. పరుగెత్తునప్పుడు రక్తము వేగముగా పోయినను వట్టిచేతులతో పోకుండుటకు ఈ మిగులు కాలమే ఆధారము.

ప్రాణవాయువు నీటిలో అంతగా కరగదు. లీటరు నెత్తుటిలో కరగినట్టిది 3 మిల్లీలీటర్లు మాత్రమే. హిమోగ్లోబిన్ పట్టియుంచునది సుమారు 200. కావున రక్తహీనత గలవాని ఊపిరితిత్తులు ఎంత చక్కగా నున్నను, దేహమునకు చేరునది తక్కువయే. అతని హృదయము ఎక్కువసార్లు కొట్టుకొని ఆ లోటు తీర్చ జూచును.

ఈ రెండింటి పొత్తును పాఠకుడు తన మణికట్టుపై వ్రేలుంచియే చూడవచ్చును. మెల్లగా గాలి పీల్చునప్పుడు నాడి ఒకింత త్వరపడును, విడుచునప్పుడు నెమ్మదించును. పడుచువారిలో ఇది స్పష్టము. దీనిని రోగమని భయపడవలసిన పనిలేదు. పీల్చునప్పుడు రొమ్ములోని ఒత్తిడి తగ్గి, సిరలలోని నెత్తురు హృదయమునకు అధికముగా చేరును. అనగా తిత్తి గాలినే గాక నెత్తురును గూడ లాగుచున్నదన్నమాట. ఊపిరితిత్తులలో ఏదేని భాగమునకు గాలి చేరనిచో అచ్చటి రక్తనాళములు ముడుచుకొని, గాలి గల భాగమునకు నెత్తురును మళ్లించును. పైరులేని మడికి తూము మూయు నీరుకట్టుకాని నేర్పు ఇది. స్వీడను శాస్త్రజ్ఞులు ఆయిలరు, లిల్యెస్ట్రాండులు 1946లో దీనిని వర్ణించిరి.

పొత్తు ఇంత దగ్గరిదగుటచేతనే ఒకరి జబ్బు మరియొకరి యింట బయటపడును. మన యిండ్లలో ఆయాసము కనబడగనే ఉబ్బసమని తేల్చుట వాడుక. కాని ఎడమ జఠరిక బలహీనమైనప్పుడు రక్తము వెనుకకు నిలిచి, ఊపిరితిత్తులలో నీరు చేరును; రోగి వెల్లకిల పడుకొనలేక అర్ధరాత్రమున లేచి కూర్చుండును. అతని దగ్గు, ఆయాసము, గురక ఊపిరితిత్తులవి, దోషము హృదయమునది. దీనికి ఎదురు తార్కాణమును కలదు. ఏండ్లతరబడి కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టముతో నిప్పురాజేసిన స్త్రీల ఊపిరితిత్తులు పొగచే చెడి, వానిలోని నాళములు ఇరుకై, కుడి జఠరిక ఆ బరువు మోయలేక అలసిపోవచ్చును. అప్పుడు పాదములు వాచును. వాపును చూచి ఉప్పు మానుమని చెప్పుదుము గాని పొయ్యివంక చూడము. కాలి సిరలో గడ్డకట్టిన రక్తమును అట్లే. అది ఊడివచ్చి, హృదయమును దాటి, పోయి తగులుకొనునది ఊపిరితిత్తులలో.

2020, 2021 సంవత్సరముల కోవిడ్ దినములలో వ్రేలికి తగిలించు చిన్న యంత్రము ఇంటింటికి వచ్చినది. ఆయాసము తెలియకయే రక్తములో ప్రాణవాయువు తగ్గిన రోగులు అప్పుడు పలువురు కనబడిరి. ఊపిరాడుట లేదను బాధను ముఖ్యముగా పుట్టించునది ప్రాణవాయువు కొరత కాదు, బొగ్గుపులుసుగాలి పెరుగుట. అది పెరుగనిచో మెదడు తొందరపడదు. ఆ యంత్రమునకు ఆధారమైన సూత్రమును 1970వ దశకపు తొలినాళ్లలో జపానుదేశమున తకువొ అవోయాగి కనుగొనెను. వ్రేలిగుండ పోవు వెలుగులో నాడితోపాటు పెరిగి తరుగు భాగమును మాత్రమే అది లెక్కించును. అందుచే నాడి చిక్కనిదే అది ప్రాణవాయువు లెక్క చెప్పజాలదు. చేతులు చల్లబడి నాడి సన్నగిల్లినప్పుడు అంకెలు తప్పుగా రావచ్చును. వ్రేలిని వెచ్చజేసి, గోటిరంగు తుడిచి, నిముసము నిలిపి మరల చూడవలెను. అప్పటికిని అంకె 94కు తక్కువయైనచో, ఆయాసము లేకున్నను, వైద్యుని కడకు పోవలెను.