మతిమరుపు ఉన్న పెద్దలు – ఇంట్లో అమర్చే పరికరాలు



కిందటి వానాకాలంలో తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడను మన ఆసుపత్రికి తీసుకొచ్చారు. మూడేళ్ళుగా ఆవిడకు డిమెన్షియా ఉంది. పిల్లలిద్దరూ అమెరికాలో ఉంటారు. అమ్మ మీద ప్రేమతో ఇంట్లో నాలుగు కెమెరాలు పెట్టించారు. పగలు తోడుండే మనిషి ఎనిమిదింటికి వెళ్ళిపోతుంది. రాత్రి రెండు గంటలప్పుడు బాత్‌రూమ్‌కి వెళ్తూ ఆవిడ చీకట్లో పడిపోయారు. అక్కడ పగలు కదా, ఆఫీసులో ఉన్న కుమారుడు అదంతా ఫోన్‌లో చూశాడు. ఏం చేయగలడు? పక్కింటివారి నంబరు అతని దగ్గర లేదు. వేరే ఊళ్ళో ఉన్న మేనమామకు ఫోన్ చేస్తే, ఆయన బయలుదేరి వచ్చి గడియ పగలగొట్టించేసరికి ఆరు దాటింది. అంతసేపూ ఆవిడ నేల మీదే ఉన్నారు.

ఆ అబ్బాయిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఇంట్లో నాలుగు కెమెరాలున్నాయి గానీ మంచం నుంచి బాత్‌రూమ్ దాకా ఒక్క చిన్న దీపం లేదు. మమ్మల్ని బాధపెట్టింది అదే.

డిమెన్షియా అంటే వయసుతో వచ్చే మామూలు మరుపు కాదు. మెదడుకు వచ్చే జబ్బుల వల్ల జ్ఞాపకం, దారి గుర్తుపట్టడం, పని వరుస తెలియడం క్రమంగా తగ్గిపోతాయి. వీటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే నూటికి ఏడుగురికి పైగా, ఇది ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి ప్రతి సంఘంలోనూ ఇలాంటి కుటుంబాలు ఉంటాయి. చాలామంది బయటకు చెప్పుకోరు, అంతే.

ఇప్పుడు 'స్మార్ట్ హోమ్' పేరుతో ఎన్నో పరికరాలు వస్తున్నాయి. ఏది కొనాలని ఓపీలో మమ్మల్ని అడుగుతున్నారు. మొదట దీపం కొనండి అని చెబుతాం. మనిషి కదలగానే తనంతట తాను వెలిగే చిన్న దీపాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఒకటి మంచం పక్కన, ఒకటి నడవలో, ఒకటి బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పెట్టండి. కరెంటు పోయినా వెలిగేలా బ్యాటరీవి తీసుకోండి. దీనికి ఇంటర్‌నెట్ అక్కర్లేదు. పెద్దవాళ్ళు కొత్తగా నేర్చుకోవలసిందీ ఏమీ లేదు. డిమెన్షియా ఉన్నవారికి కొత్త మీట ఎక్కడుందో గుర్తుండదు, పాత అలవాటు మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అందుకే వాళ్ళ అలవాటును మార్చకుండా పనిచేసే పరికరమే మంచి పరికరం.

తలుపుకు అమర్చే గంట కూడా ఉపయోగమే. తలుపు తెరుచుకోగానే లోపలి గదిలో మోగుతుంది. రాత్రిపూట "మా ఇంటికి పోతాను" అని బయలుదేరే తాతగార్లు ఉన్న ఇళ్ళలో దీనివల్ల చూసుకునేవాళ్ళు కాస్త నిద్రపోగలుగుతున్నారు. పెద్దవాళ్ళను ఒంటరిగా లోపల పెట్టి బయట తాళం వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఉండదు.

వంటగది విషయంలో, మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయే పొయ్యిలు ఉన్నాయి. ఈ జబ్బులో వాసన తెలియడం కూడా తగ్గుతుంది గనుక గ్యాస్ లీకును పసిగట్టి మోగే పరికరం పెట్టడం మంచిదే. అది లేకపోతే రాత్రి రెగ్యులేటర్ కట్టేయండి చాలు.

మాట్లాడే స్పీకర్ల గురించి ఒక మాట. కొందరికి అవి కాలక్షేపమే. కొందరు మాత్రం మనిషి కనిపించకుండా గొంతు వినిపిస్తే భయపడతారు. లేనివి కనబడుతున్నాయని చెప్పేవారి గదిలో పెట్టవద్దు. కెమెరా విషయంలో, జబ్బు తొలిదశలో ఉండగానే వాళ్ళనే అడగండి. "అమ్మా, ఇది పెడితే నీకు ఇబ్బందా?" అని. బాత్‌రూమ్‌లో, బట్టలు మార్చుకునే చోట వద్దే వద్దు. మతి తగ్గింది గానీ సిగ్గు, గౌరవం పోలేదు.

ఇంగ్లాండులో డిమెన్షియా ఉన్న 495 మంది మీద ఒక పరిశోధన జరిగింది, ఫలితాలు 2021లో వచ్చాయి. కొందరికి వారి అవసరాన్ని బట్టి పరికరాలన్నీ ఇచ్చారు. మిగతావారికి పొగ అలారం, మెడలో వేసుకునే అత్యవసర మీట, ఇంటి బయట తాళంచెవి దాచే పెట్టె వంటి సాధారణమైనవే ఇచ్చారు. అన్నీ ఉన్నవారు ఎక్కువకాలం సొంతింట్లో ఉండగలిగారా అంటే, లేదు. చూసుకునేవారి భారమూ తగ్గలేదు. దీన్ని బట్టి పరికరాలు దండగ అనుకోనక్కర్లేదు, డబ్బంతా వాటికే పోయనక్కర్లేదు కూడా. ఆ తాళంచెవి పెట్టె సంగతి చదివినప్పుడు మాకు మన పెద్దావిడ గడియే గుర్తొచ్చింది.

అందుచేత ఏ పరికరం బిగించకముందే ఒక కాగితం తీసుకోండి. గంట మోగితే అయిదు నిమిషాల్లో వెళ్ళగలిగేవారు ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాయండి. వాళ్ళలో ఒకరి దగ్గర రెండో తాళంచెవి ఉంచండి. లోపలి గడియ తీయించి, బయటి నుంచి కూడా తెరిచే తాళం పెట్టించండి. పరికరాలు ఇంటర్‌నెట్ మీద నడిచేవైతే ఆ పెట్టెకు ఇన్వర్టర్ కనెక్షన్ ఇప్పించండి. గాలివాన రాత్రి కరెంటు పోతే కెమెరా కూడా కళ్ళు మూసుకుంటుంది.

పెద్దవాళ్ళు కనిపించకుండా పోతే ఒకరోజు చూద్దామని ఆగకండి. వెంటనే 112కు ఫోన్ చేయండి. ఇటీవలి ఫొటో దగ్గర పెట్టుకోండి. ఆటో స్టాండులో, సంఘంలో చెప్పండి. వృద్ధులకు సంబంధించిన ఇతర సలహాలకు 14567 నంబరు ఉంది.

ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి అయోమయం ఎక్కువైతే అది పాత జబ్బే ముదిరిందనుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఉప్పు తగ్గడం, కొత్త మందు పడకపోవడం వంటి కారణాలు ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, వాడే మందులన్నీ వెంట తెండి.

ఆ పెద్దావిడ ఆపరేషన్ అయ్యాక వాకర్‌తో ఇంటికి వెళ్ళారు. ఇప్పుడు నడవలో మూడు దీపాలున్నాయి. ఎదురింటి చెల్లెమ్మగారి దగ్గర తాళంచెవి ఉంది. రాత్రి పడుకోవడానికి ఒక మనిషిని కుదిర్చారు. కెమెరాలు నాలుగింటిలో రెండు తీసేశారట.