కారు కింద రంగు నీళ్లు: కూలెంట్ ఎక్కడ కారుతోందో పట్టుకునేది ఎలా?

ఆదివారం తెల్లవారకముందే నంది కొండ దారి పట్టే బెంగళూరు కార్లను చిక్కబళ్లాపురం వాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. వాటిలో పోర్షేలు ఉంటాయి, బీఎండబ్ల్యూలు ఉంటాయి, నేలకు జానెడు ఎత్తులో పోయే ఇంకేవో ఉంటాయి. ఎండెక్కాక దిగేటప్పుడు వాటిలో ఒకటి పక్కకు ఆగి, కింద పచ్చగానో గులాబీ రంగులోనో మడుగు కట్టిందంటే చూసేవాళ్లు అనే మాట ఒకటే: ‘అంత ఖరీదైన కారు కూడా వేడెక్కుతుందా?’ వేడెక్కుతుంది. చింతామణి మార్కెట్‌కు టమాటా తోలే పికప్ ఎందుకు వేడెక్కుతుందో అదీ అందుకే వేడెక్కుతుంది. కాకపోతే స్పోర్ట్స్ కారులో లీకు ఉన్న చోటు ఒకటి, నీళ్లు పడే చోటు ఇంకొకటి. మన ఇళ్లలోని మామూలు కార్లకూ పనికొచ్చే విషయం కాబట్టి ఈసారి దీన్నే కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు ఒక అపోహ తీసేయాలి. కూలెంట్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉంటుంది. పంపు తోస్తుంది, ఇంజన్ చుట్టూ తిరిగి వేడి తీసుకుంటుంది, రేడియేటర్‌లో ఆ వేడి వదిలి మళ్లీ ఇంజన్‌కు పోతుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ట్యాంకులో మట్టం కాస్త పైకి, చల్లారాక కాస్త కిందికి ఉంటుంది. అది మామూలే. ఏడాదికి ఏ కొంచెమో తగ్గినా కంగారు పడనక్కర లేదు. కానీ నెలకోసారి, రెండు నెలలకోసారి పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. ‘పాత బండి కదా, నీళ్లు తాగుతుంది’ అనే మాట షెడ్డుల్లో తరచుగా వినిపిస్తుంది. ఏ బండీ నీళ్లు తాగదు.

ఆ దారిలో ఒత్తిడి ఎందుకు ఉంటుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. సముద్ర మట్టంలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సుమారు 915 మీటర్ల ఎత్తున్న చిక్కబళ్లాపురంలో 97 దగ్గరే మరుగుతాయి. 1478 మీటర్ల నంది కొండ మీద 95కే మరుగుతాయి. ఇంజన్ రోజూ నడిచే వేడి 90 నుంచి 105 డిగ్రీలు. అంటే మూత లేకుండా వట్టి నీళ్లు పోసి కొండెక్కితే సగం దారిలోనే ఇంజన్ నీళ్లు కాచుకుంటుంది. అందుకే రేడియేటర్‌కు ప్రెషర్ కుక్కర్ లాంటి మూత పెట్టారు. దాని మీద 1.1 బార్, 1.4 బార్ అని అంకె ఉంటుంది. ఆ ఒత్తిడికి సగం సగం కూలెంట్ కలిపిన నీళ్లు తోడైతే 120 డిగ్రీలు దాటినా మరగదు. మూతలో ఉన్న రబ్బరు వాషర్ ఎండిపోతే ఒత్తిడి నిలవదు, ఆవిరి పోతూ ఉంటుంది, కింద ఒక్క చుక్కా కనపడదు. ఉన్న వస్తువులన్నిటిలోకీ చవకైనది ఈ మూతే, జనం చివరగా చూసేదీ ఇదే. లీకు వెతకడం దీనితోనే మొదలుపెట్టండి.

వేడి మీద ఉన్న ఇంజన్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి. కుక్కర్ విజిల్ తీయకుండా మూత తెరిస్తే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లనడిగితే చెబుతారు, ఇక్కడ వచ్చేది అంతకంటే వేడి ద్రవం. ముఖం, చేతులు, ఛాతీ కాలిపోతాయి. పై హోస్ పైపును చేత్తో పట్టుకుని నొక్కగలిగేంత చల్లారాలి. దానికి అరగంట కాదు, గంట కూడా పట్టవచ్చు.

ఇక వెతికే పని. రాత్రి బండి నిలిపేటప్పుడు కింద పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున దాని మీద మచ్చ ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూడండి. రంగు లేకుండా, వాసన లేకుండా ఉంటే అది ఏసీ నీళ్లు, వదిలేయండి. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. పచ్చగానో, ఎర్రగానో, నీలంగానో ఉండి, వేళ్ల మధ్య రుద్దితే జారుతూ, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్. వాసన చూడండి గానీ నాలుకకు మాత్రం తగలనీయకండి. అది ఎందుకో కింద చెబుతాం. అట్ట పొడిగానే ఉండి మట్టం మాత్రం తగ్గుతుంటే, వేడి ఇంజన్ మీద పడి అక్కడికక్కడే ఆరిపోతోందని అనుమానించాలి. అప్పుడు హోస్ చివర్లలో, క్లాంపుల దగ్గర, రేడియేటర్‌లో ప్లాస్టిక్, అల్యూమినియం కలిసే అంచున తెల్లటి పొడి గానీ రంగు మరక గానీ కట్టి ఉంటుంది. పంపు కింద చిన్న రంధ్రం ఒకటి కావాలనే పెడతారు. లోపలి సీలు పాడైతే నీళ్లు అక్కడి నుంచి బయటపడతాయి. ఆ రంధ్రం కింద చార కనిపిస్తే పంపుకు రోజులు దగ్గరపడ్డట్టే.

కొన్ని లీకులు చలికే కారతాయి. మాఘమాసం పొద్దుల్లో మన వైపు చలికి రబ్బరు, లోహం ముడుచుకుని క్లాంపు వదులవుతుంది. ఇంజన్ వేడెక్కగానే అన్నీ ఉబ్బి లీకు తనంతట తానే మూసుకుంటుంది. పగలు పదకొండు గంటలకు బండి తీసుకుపోతే మెకానిక్‌కు ఏమీ కనపడదు. ఇలాంటి బండిని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున స్టార్ట్ చేయకముందే చూడమనాలి.

స్పోర్ట్స్ కారులో అట్టముక్క పద్ధతి అంతగా పనిచేయదు. గాలి సాఫీగా పోవడానికి కారు కింద ప్లాస్టిక్ పలకలు బిగిస్తారు. పైన కారింది ఆ పలక మీద పడి, వాలు ఎటుంటే అటు పోయి, మూడు నాలుగు అడుగుల అవతల చుక్కలుగా దిగుతుంది. పోర్షే 911నే తీసుకోండి. మొదట్లో ఈ కారు ఇంజన్ గాలితోనే చల్లబడేది. 1997లో వచ్చిన 996 మోడల్‌తో నీళ్లకు మారింది. ఇంజన్ వెనక ఉంటే రేడియేటర్లు ముందు బంపర్ వెనక రెండు పక్కలా ఉంటాయి. కూలెంట్ కారు పొడవునా పైపుల్లో ముందుకు పోయి చల్లబడి మళ్లీ వెనక్కి రావాలి. ముందు గాలి సందుల్లో ఎండుటాకులు, దుమ్ము పేరుకుని తడిసి కుళ్లితే రేడియేటర్ అల్యూమినియం రేకులు తినుకుపోతాయి. చింతచెట్టు నీడలో కారు నిలిపేవాళ్లు బంపర్ సందుల్లోకి టార్చి వేసి చూడటం మంచిది.

ఆ కంపెనీ కార్లలోనే ఇంకో ప్రసిద్ధమైన జబ్బు ఉంది. 996, 997 తరాల టర్బో, జీటీ3 కార్లలో చాలావాటికి కూలెంట్ పైపు ముక్కలను అల్యూమినియం గూళ్లలోకి జిగురుతో అతికించారు. ఏళ్లు గడిచి, వేడికీ చల్లదనానికీ జిగురు పట్టు వదిలితే పైపు ఒక్కసారిగా ఊడి కూలెంట్ మొత్తం రోడ్డు మీద పడుతుంది. వెనక టైర్ల కింద పడితే కారు జారుతుంది కూడా. తెలిసిన మెకానిక్‌లు ఆ అతుకులను వెల్డింగ్ చేయడమో, మేకు లాంటి పిన్ను కొట్టడమో చేస్తారు. తొలి తరం కయెన్ వీ8లో కథ వేరు. అక్కడ ప్లాస్టిక్ పైపులు పెళుసెక్కి పగిలేవి, వాటికి బదులు అల్యూమినియం పైపులు వచ్చాయి. పాత బీఎండబ్ల్యూల్లో ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర చీలడం మామూలు. ఇంట్లో పిల్లలు ఎవరైనా ఇలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటామంటే ఈ పనులు జరిగాయా లేదా అని బిల్లులు అడిగి చూడమనండి. ఇంజన్ మోత విని, రంగు చూసి కొనేది కాదు.

కంటికి కనపడని లీకుకు ప్రెషర్ పరీక్ష మంచి దారి. చల్లటి ఇంజన్‌కు మూత తీసి, ఆ చోట సైకిల్ పంపు లాంటి పరికరం బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కిస్తారు. పది పదిహేను నిమిషాలు ముల్లు కదలకపోతే ఆ దారి గట్టిగా ఉన్నట్టు. ముల్లు దిగుతూ ఎక్కడో చుక్కలు పడితే చోటు దొరికినట్టే. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపల ఉంది. కారు లోపల తియ్యటి వాసన, అద్దానికి జిడ్డు మంచు, కాళ్ల కింద తడిసిన తివాచీ ఉంటే హీటర్ కాయిల్ పోయింది. అదీ కాకపోతే హెడ్ గాస్కెట్‌ను చూడాలి. పొగ గొట్టం నుంచి తియ్యటి వాసనతో ఆగకుండా తెల్లటి పొగ, ఆయిల్ మూత కింద టీ పాల రంగు మీగడ, ట్యాంకులో బుడగలు దాని గుర్తులు. చలి పొద్దుల్లో కాసేపు వచ్చే ఆవిరి వేరు, దానికి భయపడొద్దు. ట్యాంకు నోటి మీద పెట్టే నీలం ద్రవం పరీక్ష ఒకటుంది, ఇంజన్ పొగ లోపలికి వస్తుంటే అది పసుపు రంగుకు మారుతుంది. ఈ పరీక్షలు చేయకుండానే ‘హెడ్ దించాలి’ అనే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

మన మూడు తాలూకాలకు ప్రత్యేకమైన సంగతి బోరు నీళ్లది. ‘ఇప్పటికి కొంచెం నీళ్లు పోసుకొని పోండన్నా’ అని బాటిల్ అందించేవాళ్లది మంచి మనసే. కానీ ఇక్కడి బోరు నీళ్లు కాచిన గిన్నెలో అడుగున కట్టే తెల్లటి పొర అందరమూ చూసిందే. అదే పొర రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ కడుతుంది. ఫ్లోరైడ్ మన పళ్లకూ ఎముకలకూ శత్రువైతే, రేడియేటర్‌కు శత్రువు ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. పైగా వట్టి నీళ్లు పోస్తూ పోతే కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు పలచబడిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాను డిక్కీలో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. దారిలో గత్యంతరం లేక బోరు నీళ్లే పోశారా, ఇల్లు చేరాక మొత్తం దించి కడిగి కొత్త కూలెంట్ నింపించండి. రంగు చూసి కూలెంట్ కొనొద్దు. ఒకే రంగులో వేరువేరు రకాలు దొరుకుతాయి, కలిస్తే కొన్ని ముద్దకట్టేస్తాయి. బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి.

పేరేసంద్ర దాటి బాగేపల్లి వైపు 44వ జాతీయ రహదారి మీద పోతుంటే ముల్లు ఎర్ర గీతకు ఎక్కిందనుకోండి. ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా వేడికి తిప్పి ఫ్యాన్ పెంచండి. లోపల ఉడికిపోతుంది గానీ ఇంజన్ వేడి కొంత బయటపడుతుంది. కొడికొండ చెక్‌పోస్టు దాకా పోదాంలే అనుకోకుండా, ఆగగలిగిన మొదటి చోటే రోడ్డు దిగి ఇంజన్ ఆపండి. వేడి ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి, హెడ్ పగులుతుంది. ఎర్ర గీత దాకా ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంతోషపడొద్దు. కూలెంట్ పూర్తిగా పోయి, కొలిచే సెన్సర్‌కు తడి తగలనప్పుడు కూడా అలాగే చూపిస్తుంది. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు నడిపినా ఇంజన్ మిగలదు. టోయింగ్ ఖర్చు హెడ్ పని ఖర్చు కంటే చాలా తక్కువ.

నాలుకకు తగలనీయొద్దని అన్నది ఇందుకు. చాలా కూలెంట్లలో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను చంపేస్తుంది. వాకిట్లో పడిన మడుగును కుక్క నాకినా, గంజి తొట్టి పక్కన పెట్టిన బకెట్‌లోది దూడ తాగినా బతకడం కష్టం. దించిన పాత కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో నింపి గూట్లో పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. రంగు చూసి పిల్లలు శరబత్తు అనుకుంటారు. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించడం, మజ్జిగ తాగించడం వంటివి చేస్తూ కూర్చోకుండా, ఆ డబ్బా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. మొదటి గంటల్లో మనిషి బాగానే కనిపించవచ్చు, కానీ దీనికి మందు పనిచేసేది ఆ గంటల్లోనే. నేల మీద పడినదానిపై ఇసుక గానీ రంపపుపొట్టు గానీ చల్లి, ఎత్తిపోసి, ఆ చోటు నీళ్లతో కడగండి. కాలువలోకి మాత్రం వదలకండి.

లీకు మూసి కొత్త కూలెంట్ నింపాక లోపల గాలి మిగలకుండా తీయించుకోవాలి. 911 లాంటి పొడుగు పైపుల కార్లలో లోపలి గాలి మొత్తం లాగేసి నింపే పరికరం కావాలి, మామూలుగా పోస్తే గాలి బుడగ ఎక్కడో ఇరుక్కుని లీకు లేకపోయినా ముల్లు ఎక్కుతుంది. షెడ్డు నుంచి తెచ్చాక వారం పాటు పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, ట్యాంకు మీద మట్టం ఎక్కడుందో స్కెచ్ పెన్నుతో గీత గీసి చూసుకోండి. మొదటి రోజో రెండో రోజో ఒక వేలు దిగితే మిగిలిన గాలి బయటకు వచ్చిందని అర్థం, అంతవరకు పోస్తే చాలు. మూడో రోజు కూడా దిగిందంటే బండిని మళ్లీ అదే షెడ్డుకు తీసుకుపోయి ప్రెషర్ పంపు బిగించమనండి.